తిన్నామన్నవాళ్ల పట్టిక

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నవాళ్లు: మా అమ్మ రాజమణి, నాయినమ్మ నర్సవ్వ, పక్కింటి పోసాని పెద్దమ్మ, వెనక వీధి భూలక్ష్మి వదినె, ఆమె ఒళ్లో ఏడు నెలల కొడుకు, సాయమ్మ చిన్నమ్మ, ఆమె కూతురు గంగోత్రి, నేను. నాన్న లేడు. వరికోత మిషన్ నడపడానికి పక్క జిల్లాకు వెళ్లి అప్పటికి నెల దాటింది.

మా ఇంటి ముందు రేకుల వసారా వెడల్పుగా ఉంటుంది. వెలుతురు బాగా వస్తుంది. అందుకే చుట్టుపక్కల ఆడవాళ్లు తమ చాటలు పట్టుకుని బీడీలు చుట్టడానికి మా ఇంటికే వస్తారు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఒక పక్కన పోసిన తంబాకు. మాటలు నడుస్తూనే ఉంటాయి, వేళ్లు ఆగవు. ఆ రోజు మాత్రం మేం మధ్యమధ్యలో వాళ్ల వేళ్లు ఆపించాం. నేను, గంగోత్రి కలిసి చేసిన డబ్బాలో ఆ ఐదుగురూ ఊదాలి.

అది పాత స్టీలు టిఫిన్ డబ్బా. పక్కన రంధ్రం చేసి ప్లాస్టిక్ గొట్టం బిగించాం. మూత మీద అంకెలు కనిపించే చిన్న అద్దం ఉంటుంది. ఊదితే, ఊదిన మనిషి అన్నం తిని ఎన్ని గంటలైందో ఆ అద్దం చెప్పాలి. ఇంకా చెప్పడం రాదు. మేం నేర్పాలి. ఫలానా ఊపిరి తిని గంట అయిన మనిషిది, ఫలానాది నాలుగు గంటలైన మనిషిది అని వందసార్లు చెప్తే, నూట ఒకటోసారి అదే చెప్తుంది. పిల్లల్ని ఆకలితో కూర్చోబెట్టి పరీక్షలు చేయొద్దని మా సైన్సు టీచర్ వనమాల మేడం గట్టిగా చెప్పారు. అందుకే పెద్దవాళ్లతో మొదలుపెట్టాం.

"ఏందే గిది, తాగినోళ్లను పట్టే పోలీసోళ్ల మిషన్ లెక్కున్నది," అంది పోసాని పెద్దమ్మ.

"అయితే మొదలు పెద్దయ్యను తోల్కరా," అంది భూలక్ష్మి వదినె.

"ఆయన ఊదితే మిషనే తూలి పడతది," అని పెద్దమ్మ గొట్టం అందుకుంది.

ఎవరినైనా ఏదైనా అడగాలంటే నాకు గొంతు రాదు. అందుకని అడగడం గంగోత్రి పని, రాయడం నా పని. "ఎప్పుడు తిన్నవ్ పెద్దమ్మా?" అని గంగోత్రి అడిగింది.

"ఇప్పుడే తినొచ్చిన."

ఒక గంట అని రాశాను. భూలక్ష్మి వదినె కూడా అంతే చెప్పింది. అమ్మ తలెత్తకుండానే, "నేను అందరికన్న ముందే తిన్న," అంది. సాయమ్మ చిన్నమ్మ ఆకు చుడుతూ, "మేము పొద్దుగాలే తింటం," అంది. గంగోత్రి ఒక్క క్షణం వాళ్లమ్మ వైపు చూసి నా వైపు తిరిగింది. "గంటన్నర రాయి," అంది. రాశాను.

నాయినమ్మ మాత్రం వివరంగా చెప్పింది. "రెండు జొన్నరొట్టెలు తిన్న, పచ్చిపులుసుల ముంచుకొని. మూడోది గుడ తింటుంటి, పళ్లు సాగుతలేవు. గది గుడ రాస్కో."

అట్లా ఎనిమిది రోజులు, బడికి ముందోసారి, బడి తర్వాత ఒకసారి. నా నోటుపుస్తకంలో మూడు వరుసలు: పేరు, తిన్న వేళ, డబ్బా లోపలి మీటరు చూపిన సంఖ్య. ఎనిమిదో రోజు ఆ అంకెలన్నీ డబ్బాకు ఎక్కించాం.

*

అసలు ఈ డబ్బా ఎందుకు పుట్టిందో చెప్పాలి.

మా హైస్కూల్లో చాలామంది పొద్దున ఏమీ తినకుండా వస్తారు. ఒంటిగంటకు బడిలో అన్నం పెట్టేదాకా ఖాళీ కడుపే. జూలైలో ప్రార్థన వరుసలో ఏడో తరగతి పాప ఒకతి కళ్లు తిరిగి పడిపోయింది. ఒక సంస్థవాళ్లు పొద్దున రాగిజావ పోస్తామన్నారు, ఎంతమందికో తేల్చి చెప్పమన్నారు. మర్నాడు హెడ్మాస్టర్ సారు మైకులో, "పొద్దున తినకుండా వచ్చినవాళ్లు చేతులెత్తండి," అన్నారు.

మూడు వందల మందిలో ఒక్క చెయ్యి లేవలేదు. నా పక్కన గంగోత్రి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

ఆ సంవత్సరమే బడిలో ప్రయోగాల గది తెరిచారు. పిల్లలే తమ బడిలో ఉన్న ఒక కష్టాన్ని ఎంచుకుని దానికి ఏదైనా తయారుచేయాలి. నేను, గంగోత్రి తాగునీటి వడపోత చేద్దామనుకున్నాం. బొగ్గు కావాలి. మా ఇళ్లలో తునికాకు కత్తిరించగా మిగిలిన ముక్కలు గంపలకొద్దీ ఉంటాయి. వాటిని మూసిన డబ్బాలో కాల్చి, ఆ మసిని నూరి, గాజు పలక మీద పూసి, కరెంటు ఎంత పారుతుందో చూస్తున్నాం. గంగోత్రి ఆ పలక మీదికి వంగి మాట్లాడినప్పుడల్లా మీటరు ముల్లు ఎగిరేది. నేను వంగితే కదిలేది కాదు. మధ్యాహ్నం భోజనం తర్వాత గంగోత్రికి కూడా కదిలేది కాదు.

మూడు రోజులు చూశాక మేడమే చెప్పారు. కడుపు ఖాళీగా ఉంటే ఒళ్లు తన కొవ్వును తానే కరిగించుకుంటుందట. అప్పుడు ఊపిరికి ఒక వాసన వస్తుందట. మన ముక్కుకు తెలియని ఆ వాసన తునికాకు మసికి తెలుస్తోంది. అంతవరకు ఎవరూ దాన్ని గమనించలేదన్నారు.

మేడం వెళ్లాక గంగోత్రి నవ్వింది. "నా కడుపుల ముచ్చట దీనికి ఎరుకైతున్నదే," అంది. తర్వాత మెల్లగా, నాకు ఒక్కదానికే వినపడేలా, "మా ఇంట్ల పొద్దుగాల పొయ్యి ముట్టియ్యరు. రాత్రి ఒక్కసారే. ఎవ్వలకు చెప్పకు," అంది.

చెప్పలేదు. వడపోత వదిలేసి డబ్బా మొదలుపెట్టాం. ఎవరూ చెయ్యెత్తక్కర్లేదు. అందరూ గేటు దగ్గర ఊదుతారు. పేర్లు మేడానికి మాత్రమే వెళ్తాయి. ఆకలితో ఉన్నవాళ్లకు లైబ్రరీ గదిలో జావ. గంగోత్రికి ఆ మాట ఎంత నచ్చిందంటే, గొట్టం బిగించేటప్పుడు వేలు తెగినా కట్టు కట్టుకోకుండా పని చేసింది.

*

అంకెలు ఎక్కించిన మర్నాడు, సోమవారం, గేటు దగ్గర బల్ల వేశారు. మండలం నుంచి ఒక ఆఫీసర్ వచ్చారు. హెడ్మాస్టర్ సారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ఒక్కొక్కరికి ఒక కాగితపు గొట్టం ఇచ్చి ఊదిస్తూ నేను రాస్తున్నాను. పన్నెండు, పదమూడు అని చూపితే ఆ పేరు పక్కన చుక్క పెట్టడం. మూడు వందల మందిలో పదకొండు చుక్కలు పడ్డాయి. ఆఫీసర్ తలూపి ఏదో రాసుకున్నారు.

చివర్లో గంగోత్రి ఊదింది. నా వైపు చూసి కన్నుగీటింది కూడా. అద్దం మీద అంకె పడింది. ఒకటి.

తిని ఒక గంట.

గంగోత్రి మళ్లీ ఊదింది. మళ్లీ ఒకటి. "మేడం, ఇది తప్పు చూపిస్తున్నది. నేను తిన్లే," అంది. ఆ మాట మెల్లగా అనాల్సింది. గట్టిగా అనేసింది. ఊది పక్కన నిలబడ్డవాళ్లంతా తిరిగారు.

హెడ్మాస్టర్ సారు నవ్వారు. "నువ్వు చేసిన మిషనే కదమ్మా. పదకొండు మందికి సరిగ్గా చెప్పి నీకొక్కదానికే తప్పు చెప్తుందా? జావ కావాలంటే అడుగు, పోస్తారు. అబద్ధం ఎందుకు?"

ఎవరో వెనక నుంచి, "దొంగాకలి," అన్నారు. నవ్వులు.

సారు నన్ను అడిగారు. "నిఖితా, మిషన్ బాగానే ఉందా?"

వాళ్లింట్లో పొద్దున పొయ్యి వెలగదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కానీ ఆఫీసర్ నన్నే చూస్తున్నారు. పైగా, ఇది ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది, ఆ అంకె అంత స్థిరంగా వెలుగుతుంటే, ఈ ఒక్కరోజు తిని వచ్చిందేమో అనిపించింది.

"బాగనే ఉంది సార్," అన్నాను.

మధ్యాహ్నానికి ఆ పేరు బడంతా పాకింది. గంగోత్రి నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్తే, "దొంగాకలి వస్తున్నది, గిన్నెలు దాసుకోండ్రి," అన్నారు. అన్నం వరుసలో నిలబడకుండానే ఇంటికి వెళ్లిపోయింది. మంగళవారం రాలేదు. బుధవారం రాలేదు. సాయమ్మ చిన్నమ్మ కూడా మా వసారాకు రావడం మానేసింది. తల్లీకూతుళ్లు తమ ఇంట్లోనే చాటలు పెట్టుకున్నారని పోసాని పెద్దమ్మ చెప్పింది. పదో తరగతి పిల్ల ఒకసారి చాట ముందు కూర్చుందంటే మళ్లీ లేవదు. మా వీధిలో అట్లా కూర్చున్నవాళ్లు నలుగురున్నారు.

నాకు ఎక్కడా కాలు నిలవలేదు. బెంచీలో ఖాళీ జాగా వైపు జరగలేను, ఇవతలికి జరగలేను. ఇంట్లో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్లాలో తెలిసేది కాదు. డైరీ తీసి తేదీ వేసి మూసేసేదాన్ని. ఐదు తేదీలు, కింద ఏమీ లేవు.

శనివారం గిర్నీ దగ్గర కనిపించింది. జొన్నల సంచి పట్టించడానికి వచ్చింది. పిండి దుమ్ములో నిలబడి ఉంది.

"సోమవారం రా," అన్నాను. గిర్నీ చప్పుడులో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"దొంగాకలిదానికి బడెందుకు."

"వాళ్లు మర్చిపోతరు."

"నువ్వు మర్చిపోతవా?" పిండి సంచి నెత్తిన పెట్టుకుంది. "మా ఇంటి ముచ్చట నీకొక్కదానికే చెప్పిన. మిషన్ తప్పని నీకెరుకే. ఒక్క మాట రాలే నీ నోట్లకెల్లి."

ఆమె వెళ్లాక గిర్నీ అతను, "పాపా, నీదేం పట్టాలి?" అని అడిగాడు. నేను ఖాళీ చేతులతో వచ్చాను. ఏమీ లేదని చెప్పి పరుగెత్తాను.

*

ఆదివారం పొద్దున నేను ఏమీ తినలేదు. డబ్బాను శనివారమే బడి నుంచి ఇంటికి తెచ్చుకున్నాను. తొమ్మిదింటికి ఊదాను. రాత్రి తిన్నాక పదమూడు గంటలైంది. అద్దం ఒకటి చూపింది. మూత తీసి లోపలి మీటరు చూశాను. డెబ్బై.

రొట్టె తిని గంట ఆగి మళ్లీ ఊదాను. మీటరు పద్దెనిమిదికి దిగింది. అద్దం మీద మళ్లీ ఒకటే.

అంటే తునికాకు మసి సరిగ్గానే పసిగడుతోంది. డెబ్బైకి, పద్దెనిమిదికి తేడా దానికి తెలుసు. ఆ డెబ్బైని చూసి "తిని గంట అయింది" అనమని దానికి ఎవరో నేర్పారు.

నేర్పింది నేనే. నోటుపుస్తకం తీశాను. తిని గంట అయిందని చెప్పిన చోట్ల నాయినమ్మకు పదిహేడు, పంతొమ్మిది, పద్దెనిమిది. బాలింత అని అత్త బలవంతంగా తినిపించే భూలక్ష్మి వదినెకు ఇరవై, ఇరవై రెండు. పోసాని పెద్దమ్మకు అరవై ఆరు. సాయమ్మ చిన్నమ్మకు డెబ్బై నాలుగు, డెబ్బై ఒకటి. అమ్మకు డెబ్బై రెండు. ఎనిమిది రోజులూ అంతే. రాసుకున్నప్పుడు ఆ తేడా చూశాను. ఒక్కొక్కరి ఊపిరి ఒక్కో తీరుగా ఉంటుందేమో అనుకున్నాను. అమ్మ తిన్నానంటే తిన్నట్టే. ఇంకేం అనుమానిస్తాను?

సాయంత్రాలు ఊదినప్పుడు వాళ్ల అంకెలు ఇంకా పైకి వెళ్లాయి, ఎక్కువ గంటలు అక్కడే రాశాను. అంటే రెండు పూటలు పస్తున్నవాళ్లను మాత్రమే ఆ డబ్బా ఆకలిగా గుర్తిస్తుంది. ఒక్క పూట పస్తు దాని లెక్కలో కడుపు నిండినట్టు. బడిలో పదకొండు మందికి జావ దొరికింది. ఇంకా ఎంతమందికి దొరకలేదో.

అమ్మ వసారాలో ఒక్కతే ఉంది. తడి గుడ్డ విప్పి ఆకు కత్తిరిస్తోంది. డబ్బా తెచ్చి ముందు పెట్టాను.

"అమ్మా, ఎప్పుడు తిన్నవ్?"

"ఎప్పుడో తిన్న."

"ఊదు."

అమ్మ కత్తెర ఆపింది. డబ్బాను చూసింది, నన్ను చూసింది. గొట్టం పట్టుకోలేదు. "ఇంట్ల గుడ పరీక్షనా?"

"తిన్లేదు గద. ఆ ఎనిమిది రోజులు గుడ తిన్లేదు."

అమ్మ మళ్లీ కత్తెర అందుకుని ఒక ఆకు కత్తిరించింది. తర్వాత మామూలుగా, వంట గురించి చెప్పినట్టే చెప్పింది. "తంబాకు కాడ కూసుంటే ఆకలి తెల్వదు బిడ్డా. తిని కూసుంటే నడుము వంగదు, చెయ్యి సాగదు. రాత్రి తింట. మా అమ్మ గుడ గంతే."

"మరి తిన్న అని ఎందుకు చెప్పినవ్? నేను రాసుకుంటున్న గద."

"సాయమ్మ నా ఎదురుంగ కూసున్నది. నేను తిన్లేదంటే నా ఇంట్ల కుండ ఖాళీ అనుకుంటది. ఆమె తిన్లేదంటే నేను లేచి కంచం పెట్టాలె. పెడితే రేపటికెల్లి ఆమె మన గడప తొక్కది. అడుక్కున్నట్టైతది. అందుకే అందరం తిన్నమనే అంటం. అందరికీ ఎరుకనే."

"మిషన్‌కు ఎరుక లేదమ్మా," అన్నాను.

నాయినమ్మ లోపల నుంచి, "నేను నిజమే చెప్పిన. నన్ను దీంట్ల కలపకు," అంది.

*

సోమవారం వనమాల మేడానికి అంతా చెప్పాను. రెండేళ్లలో మేడంతో నేను అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. మేడం నోటుపుస్తకం పేజీ మీద వేలు పెట్టి ఒక్కో అంకె చూశారు.

"తప్పు నాది," అన్నారు. "తిన్నారా అని మన దగ్గర ఎవరినైనా అడిగితే ఏం చెప్తారో నాకు తెలియదా? చెయ్యెత్తమంటే పిల్లలు ఎత్తలేదని కదా ఈ డబ్బా చేసింది. అదే ప్రశ్న మళ్లీ వాళ్ల తల్లుల్ని అడిగాం."

మేడం హెడ్మాస్టర్ గదికి వెళ్లి వచ్చారు. గురువారం జిల్లా నుంచి పెద్ద ఆఫీసర్లు వస్తున్నారట. డబ్బాను ఇంకో నలభై బడులకు ఇస్తారట. అంతవరకు ఆగమన్నారట సారు. "శుక్రవారం నేనే మైకులో చెప్తాను. మిషన్లో లోపం ఉందని, గంగోత్రి అబద్ధం చెప్పలేదని. అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. ఈ నాలుగు రోజులు ఓపిక పట్టు," అన్నారు మేడం.

ఓపిక పట్టడం నాకు చేతకాలేదు. మంగళవారం హాజరు రిజిస్టరులో గంగోత్రి పేరు దగ్గర మా క్లాసు సారు ఆగను కూడా లేదు, తర్వాతి పేరు పిలిచారు. శుక్రవారానికి ఆమె చాట ముందు కుదురుకుంటుంది. అప్పుడు మైకులో ఎవరు ఏం చెప్పినా వినడానికి ఉండదు.

బుధవారం ప్రార్థన అయ్యాక, వార్తలు చదివే అమ్మాయి దిగగానే నేను వేదిక మెట్లెక్కాను. చేతిలో నోటుపుస్తకం ఉంది. ఎవరి ముఖమూ చూడలేదు, పేజీ చూసి చదివాను.

"గంగోత్రి అబద్ధం చెప్పలేదు. మిషన్‌కు మేము తప్పు నేర్పినం. తినకుండానే తిన్నమని చెప్పినవాళ్ల ఊపిరితోటి నేర్పినం. పోసాని, అరవై ఆరు. మా అమ్మ రాజమణి, డెబ్బై రెండు. గంగోత్రి వాళ్లమ్మ సాయమ్మ, డెబ్బై నాలుగు. వీళ్లు ఎనిమిది రోజులూ పొద్దున తినలేదు. గంగోత్రి గుడ తినలేదు. వాళ్లింట్ల పొద్దున పొయ్యి వెలిగించరు."

ఎవరూ నవ్వలేదు. నా గుండె తేలికపడింది. జీవితంలో మొదటిసారి మైకులో మాట్లాడాను, సరైన మాటే మాట్లాడాను అనుకుంటూ దిగాను. వనమాల మేడం ముఖం చూశాకే ఏదో తప్పు జరిగిందని అనిపించింది.

"పేర్లు ఎందుకు చదివావు నిఖితా," అన్నారు మేడం. కోపంగా అనలేదు.

హెడ్మాస్టర్ సారు కోప్పడలేదు సరికదా, మెచ్చుకున్నారు. నిజాయితీ అంటే ఇదీ అన్నారు. నోటుపుస్తకం అడిగి తీసుకుని ఆ పేజీని ఫోనులో ఫోటో తీసుకున్నారు. మధ్యాహ్నానికి ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద సారు రాసిన మాట: "తమ తప్పును తామే పట్టుకున్న మన బడి ఆణిముత్యాలు." నా చేతిరాత గుండ్రంగా, చక్కగా కనిపిస్తోంది. ఐదు పేర్లు, ఎదురుగా అంకెలు.

గురువారం జిల్లా ఆఫీసర్లు వచ్చారు, డబ్బాను చూశారు, నా భుజం తట్టారు. సరైన లెక్కలతో మళ్లీ నేర్పి పంపమన్నారు. బడిలో ఎవరూ దొంగాకలి అనలేదు. ఏడో తరగతి పిల్లలు ఇద్దరు నా దగ్గరకొచ్చి, "అక్కా, మేం గుడ తిన్లే," అని చెవిలో చెప్పి పరుగెత్తారు. వాళ్ల పేర్లు నేను ఎక్కడా రాయలేదు. నేరుగా లైబ్రరీ గదికి తీసుకెళ్లాను.

శుక్రవారం నేను బడి నుంచి వచ్చేసరికి మా వసారా ఖాళీగా ఉంది. పోసాని పెద్దమ్మ తన గుమ్మంలోనే కూర్చుని, మా వైపు వీపు పెట్టి బీడీలు చుడుతోంది. భూలక్ష్మి వదినె పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చి, నిలబడే చెప్పింది. "సాయమ్మత్త ఇంటికి పొద్దటిసంది ఎవలో ఒకలు గిన్నె పట్టుకొని పోతున్నరట. సర్పంచ్ భార్య పులిహోర పంపిందట. మహిళా సంఘమోళ్లు బియ్యం సంచితోటి ఫోటో దిగుతమని పోయిండ్రట. సాయమ్మత్త గిన్నెలన్నీ గుమ్మం బయటనే పెట్టింది. ఒక్కటి ముట్టలే."

అమ్మ నన్ను తిట్టలేదు. కొట్టినా బాగుండేది. చాట ముందు కూర్చుని, ఎదురుగా ఎవరూ లేని జాగా చూస్తూ చుట్టింది. కాసేపటికి నేను పళ్లెంలో అన్నం పెట్టి తెచ్చి పక్కన పెట్టాను. "ఎందుకు, రాసుకుంటవా?" అంది. వెంటనే తనకే బాధ అనిపించిందో ఏమో, రెండు ముద్దలు తిని పళ్లెం నా వైపు జరిపింది.

*

శనివారం సెలవు. గంగోత్రి ఇంటికి వెళ్దామా వద్దా అని పొద్దున్నుంచి వీధి చివరి దాకా వెళ్లి తిరిగొచ్చాను. నాలుగుసార్లు. పోసాని పెద్దమ్మ ప్రతిసారీ తల తిప్పుకుంది. ఐదోసారి ఆగకుండా నడిచాను. డబ్బా తీసుకెళ్లలేదు. నోటుపుస్తకం తీసుకెళ్లలేదు. ఒక్క మాట చెప్పాలి. ఏ మాటో తెలియదు. గంగోత్రి ఎదురుగా నిలబడితే అదే వస్తుందనుకున్నాను.

సాయమ్మ చిన్నమ్మ ఇల్లు ఒక్క గది. వెలుతురు కోసం తలుపు తీసే ఉంటుంది. అరుగు మీద మూతలు పెట్టిన గిన్నెలు వరుసగా ఉన్నాయి. ఒకదాని చుట్టూ చీమలు. దండెం మీద గంగోత్రి బడి బట్టలు ఆరేసి ఉన్నాయి, నీళ్లు ఇంకా కారుతున్నాయి. అవి చూడగానే నా అడుగు తొందరైంది.

గుమ్మం లోపల సాయమ్మ చిన్నమ్మ నేల మీద కూర్చుని అన్నం తింటోంది.

మధ్యాహ్నం రెండున్నర. ఆమె పగలు తినడం నేను అంతవరకు చూడలేదు. అన్నంలో ఉట్టి పప్పు. నన్ను చూసి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వెనక గోడ పక్క చాట ముందు గంగోత్రి ఉంది. తల ఎత్తింది, దించుకుంది.

"చిన్నమ్మా..." అన్నాను.

"చూడు. మంచిగ చూడు. తింటున్న," అంది సాయమ్మ చిన్నమ్మ. గొంతు పెంచలేదు. "ఎన్నయింది? రెండున్నర. రాస్కో."

"నేను రాయడానికి రాలే చిన్నమ్మా. గంగోత్రిని..."

"నా బిడ్డ దొంగ గాదని పది మందిల చెప్పినవ్. మంచిగ చేసినవ్. సోమవారం బడికొస్తది. నీ డబ్బల మాత్రం ఊదది." ఒక ముద్ద కలిపింది, నోటి దాకా తెచ్చి దించింది. "ఇరవై ఏండ్ల సంది మీ వసారాల కూసున్న. నా కడుపుల ఏమున్నదని మీ అమ్మ ఒక్కనాడు అడగలే. ఆమె కడుపుల ఏమున్నదని నేను అడగలే. నువ్వు అంకెలేసి ఊరంతటికీ చూపెట్టినవ్. ఇప్పుడు నేను తిన్నా జనం చూస్తున్నరు, తినకున్నా చూస్తున్నరు."

నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. గంగోత్రి వైపు చూశాను. ఆమె ఆకు చుడుతోంది. వేళ్లు తప్పుతున్నాయి, తంబాకు నేల మీద రాలుతోంది. తల మాత్రం ఎత్తలేదు.

"గంగోత్రీ, పేర్లు చదవాల్సింది కాదు," అన్నాను. అంత పెద్దగా నేను ఎవరి ఇంటి ముందూ మాట్లాడలేదు. నా వెనక, వీధిలో నడుస్తున్న ఎవరివో చెప్పుల చప్పుడు ఆగింది.

సాయమ్మ చిన్నమ్మ ఆ చప్పుడు విని నా భుజం మీదుగా వీధిలోకి చూసింది. కంచం పట్టుకుని లేచింది. ఎడమచేతిలో కంచం, కుడిచెయ్యి ఎంగిలిది. గుమ్మం దాకా వచ్చి నా ముఖంలోకి ఒకసారి చూసి, మోచేత్తో నెట్టి తలుపు మూసింది.